వ్యాసంలో ఆధారాలు చూపే పద్ధతి

పరిశోధన వ్యాసాలు వ్రాయడానికి పూనుకున్న మన యువకులలో చాలామంది ఆధారాల పట్టికను వ్యాసం చివర తగిలించే అలంకారంగా భావిస్తారు. గ్రంథాల పేర్లు ఎన్ని ఎక్కువ ఉంటే అంత పాండిత్యమని వారి అభిప్రాయం. నిజానికి ఆధారసూచన పాఠకునికి ఇచ్చే చిరునామా. దానిని పట్టుకొని అతడు అదే గ్రంథం, అదే ముద్రణ, అదే పుట చేరుకోగలగాలి. మనం చెప్పినది అక్కడ ఉందో లేదో తానే చూసుకోగలగాలి. కామా ఎక్కడ పెట్టాలి, సంవత్సరం ముందు వ్రాయాలా వెనుక వ్రాయాలా అన్న నియమాలు పత్రికకొక రీతిగా ఉంటాయి. వాటిని ఆ పత్రిక పాత సంచిక చూసి అరగంటలో నేర్చుకోవచ్చు. చిరునామా సరిగా ఇవ్వడమే కష్టమైన పని.

హదీసుతో పరిచయమున్నవారికి ఈ సంగతి కొత్త కాదు. ఎవరు ఎవరి నుండి విన్నారో ఒక్కొక్క పేరూ చెప్పే ‘ఇస్నాద్’ ఆధారసూచనే కదా! ఆధునిక కాలంలో ఈ రెండు పద్ధతులనూ కలిపి చూపినవారు 1908లో హైదరాబాదులో జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా. హజ్రత్ అబూహురైరా (ర) శిష్యుడు హమ్మామ్ బిన్ మునబ్బిహ్ కూర్చిన 138 హదీసుల చిన్న సంకలనాన్ని ఆయన బెర్లిన్, డమాస్కస్ వ్రాతప్రతుల ఆధారంగా పరిష్కరించి, 1953లో డమాస్కస్‌లోని అరబీ అకాడమీ పత్రికలో ప్రకటించారు. ఏ ప్రతి ఎక్కడ ఉందో చెప్పారు కనుక, సందేహమున్నవారు వాటిని తెరిచి ముస్నద్ అహ్మద్, బుఖారీలతో పోల్చుకోవచ్చు. ఆయన పాండిత్యం మీద నమ్మకం ఉంచవలసిన అవసరమైనా లేదు.

ఇక వివరాలు. ఖుర్ఆన్‌కు పుట సంఖ్య ఇవ్వరు. సూరా సంఖ్య, ఆయతు సంఖ్య చాలు. అయితే ఆయతుల లెక్క అన్ని ముద్రణలలో ఒకటి కాదు. నేడు ప్రచారంలో ఉన్నది 1924 నాటి కైరో ముద్రణ లెక్క; అందులో మొత్తం 6,236 ఆయతులు. పాత ఐరోపా పండితులు మాత్రం 1834లో ఫ్లూగెల్ లైప్‌జిగ్‌లో అచ్చు వేయించిన ప్రతిని అనుసరించారు. ధర్మం విషయంలో బలవంతం లేదని తెలిపే ఆయతు మనకు 2:256. వారి గ్రంథాలలో అది 2:257 అని కనిపిస్తుంది. అలాంటి గ్రంథం నుండి సంఖ్యను ఉన్నదున్నట్టు ఎత్తి వ్రాస్తే పాఠకుడు పక్క ఆయతు చదువుతాడు.

హదీసుల విషయంలో చిక్కు మరింత ఎక్కువ. ‘బుఖారీ, రెండవ సంపుటం, ఫలానా పుట’ అని వ్రాస్తే, ఆ ముద్రణ దగ్గర లేనివారికి అది ఎందుకూ పనికిరాదు. మొదట కితాబు, బాబు పేర్లు చెప్పాలి. ఇవి ముద్రణలు మారినా చాలావరకు నిలుస్తాయి. తరువాత హదీసు సంఖ్య, అది ఎవరి లెక్క ప్రకారమో ఇవ్వాలి. ముహమ్మద్ ఫువాద్ అబ్దుల్ బాఖీ లెక్కలో బుఖారీ 7,563 వరకు, ముస్లిం 3,033 వరకు సాగుతాయి. పునరుక్తులను వేరే విధంగా లెక్కించిన ముద్రణలలో ఈ సంఖ్యలు కలవవు. నేడు ఇంటర్నెట్టులో హదీసు వెతకడం సులభమైంది కాని, అక్కడ కనిపించిన సంఖ్య ఎవరి లెక్క అని ఎంతమంది చూస్తున్నారు? మిష్కాత్‌లో చదివిన హదీసును మిష్కాత్‌లో చదివినట్టే చెప్పాలి. అందులో తిర్మిజీ పేరు ఉన్నంత మాత్రాన తిర్మిజీ గ్రంథమే తెరిచినట్టు వ్రాయడం పాఠకుణ్ణి మోసగించడమే.

ఇప్పుడు మన సిద్దిపేట సంగతికి వద్దాం. ఇక్కడి మస్జిదులు, దర్గాలు, ఖబరస్తానుల భూముల చరిత్ర వ్రాయదలచినవారు నిజాం కాలపు ఉర్దూ దస్త్రాలు చూడక తప్పదు. వాటిలో తేదీ సాధారణంగా ఫసలీలో ఉంటుంది. కొన్ని మతసంబంధమైన పత్రాలలో హిజ్రీ కూడా కనిపిస్తుంది. నిజాం ప్రభుత్వపు ఫసలీ సంవత్సరం ఆజూరు మాసంతో, అనగా అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. ఫసలీకి 590 కలిపితే అది ప్రారంభమైన క్రీస్తు శకం వస్తుంది. జనవరి తరువాతి తేదీలకు 591 కలపాలి. జాగీర్ల రద్దు శాసనం 1358 ఫసలీది. అది వెలువడినది 1949 ఆగస్టులో. ఎవరైనా కళ్ళు మూసుకొని 590 కలిపి 1948 అని వ్రాస్తే, పోలీసు చర్యకు ముందే నిజాం జాగీర్లను రద్దు చేశాడని పాఠకుడు అనుకోవచ్చు. ఒక్క అంకె తేడాతో ప్రభుత్వమే మారిపోతుంది! మద్రాసు ప్రభుత్వం కింద ఉండిన కోస్తా జిల్లాల రెవెన్యూ లెక్కలలో ఫసలీ జూలై 1న మొదలయ్యేది. కావున గుంటూరు పుస్తకంలోని పట్టికను సిద్దిపేట దస్త్రానికి వాడరాదు.

హిజ్రీ సంవత్సరం సుమారు పదకొండు రోజులు తక్కువ కనుక సాధారణంగా రెండు క్రీస్తు శకాల మీద పరుచుకుంటుంది. 1400 హిజ్రీ 1979 నవంబరులో మొదలైంది. నెల తెలియకపోతే 1979–80 అని వ్రాయాలి. ఏ శకమైనా దస్త్రంలో ఉన్న తేదీని ముందు యథాతథంగా ఇచ్చి, మన లెక్కను కుండలీకరణంలో చూపాలి. లెక్క తప్పితే మరొకరు దిద్దుతారు, అసలు తేదీని చెరిపివేస్తే దిద్దేందుకు ఏమీ మిగలదు.

ఊరి పేరు విషయంలోనూ ఇదే నియమం. సిద్దిపేట జిల్లా ఏర్పడినది 2016 అక్టోబరు 11న. అంతకు పూర్వపు పత్రంలో ‘మెదక్ జిల్లా, సిద్దిపేట తాలూకా’ అని ఉంటే అలాగే వ్రాయాలి. ‘సిద్దిపేట జిల్లా దస్త్రం’ అని సవరిస్తే వెతికేవాడు లేని కట్టను వెతుకుతాడు. దస్త్రానికి కార్యాలయం పేరు, విభాగం, ఫైలు సంఖ్య, సంవత్సరం, విషయం, కాగితం సంఖ్య అన్నీ కావాలి. ‘తహసీలు కచేరీ కాగితాలు’ అనడం ఆధారం కాదు. ఖబరస్తాను సరిహద్దు గురించి వ్యాసంలో వ్రాసిన వాక్యాన్ని రేపు వక్ఫ్ వ్యాజ్యంలో ఎవరైనా చూపవచ్చునని రచయిత మరువరాదు.

పేర్ల క్రమం గురించి రెండు మాటలు. అల్ బుఖారీని ‘బ’ కింద, సురవరం ప్రతాపరెడ్డిని ఇంటిపేరును బట్టి ‘సు’ కింద చేర్చాలి. మన ముస్లిం రచయితలకు ఇంటిపేరు లేని సందర్భాలు ఎక్కువ. చివరి మాటను ఇంటిపేరుగా భావించి ‘అలీ’ల కింద, ‘ఖాన్’ల కింద అందరినీ గుమికూర్చితే ఎవరు ఎవరో తెలియదు. గ్రంథం మీద ఉన్న పూర్తి పేరును ఉన్న వరుసలో ఉంచడమే మేలు. ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949 నుండి పలుమార్లు అచ్చయింది. అలాంటి గ్రంథానికి ముద్రణ సంవత్సరం లేని పుట సంఖ్య వ్యర్థం.

‘పైదే’, ‘అదే గ్రంథం’ అన్న సూచనలను వ్యాసం పూర్తయిన తరువాతే వాడాలి. నడుమ ఒక పేరా జరిపితే చాలు, పైదే అన్నది మరొక గ్రంథానికి అంటుకుంటుంది. చిత్తుప్రతిలో ప్రతిచోటా పేరు పూర్తిగా వ్రాసుకోవాలి. దస్త్రాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ సిద్దిపేటకు సుమారు నూరు కిలోమీటర్లు. మరచిన ఒక్క ఫైలు సంఖ్య కోసం మళ్ళీ ఒక రోజు పోతుంది. అందుచేత నకలు వ్రాసుకునే ముందే ఆ కాగితం తలపై ఫైలు సంఖ్య, ఫసలీ, కాగితం సంఖ్య, చూసిన తేదీ వేసుకోవాలి.