కొత్వాలును గన్న సీమలో పోలీసు నాయకత్వ విద్య

జిల్లా పోలీసు అధికారి యొకడు బదిలీపై వెడలునపుడు, తన తరువాత వచ్చువానికి ఆయుధముల లెక్కయు, వాహనముల లెక్కయు, దర్యాప్తులోనున్న కేసుల లెక్కయు కాగితముపై అప్పగించి పోవును. కాని ఏ ఊరిలో ఏ పండుగనాడు ఏ వీధి మలుపున మాట పెరుగునో, ఏ పెద్దమనిషి నోట ఒక్క పలుకు వచ్చినయెడల జనము చల్లబడునో, ఏ కానిస్టేబులు మౌనముగా నుండియే ఠాణాను నిలబెట్టుచున్నాడో, ఆ లెక్కను అప్పగించు కాగితమేదియు లేదు. ఏండ్ల తరబడి గడించిన ఆ ఎఱుక ఆయనతోడనే జీపెక్కి పోవును. ఈ నష్టమును పూడ్చుటకు పుట్టినదే పోలీసు నాయకత్వ నిర్వహణ శాస్త్రమని నా విశ్వాసము. పట్టభద్రులైన పిదప విశ్వవిద్యాలయములలో చదువదగిన ఈ విద్యను గూర్చి ముచ్చటించుటకు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమ మిక్కిలి తగిన తావు. ఏలయన ఈ విద్యకు కావలసిన రెండంగములను, అనగా అనుభవమును, దానిని గ్రంథస్థము చేయు కలమును, ఈ సీమ యేనాడో కన్నది.

ఆ అనుభవము పేరు రాజా బహద్దరు వెంకటరామారెడ్డి. వారు 1869వ సంవత్సరమున వనపర్తి సంస్థానములోని రాయణిపేటలో జన్మించి, యౌవనారంభముననే నిజాం రాజ్యపు పోలీసుశాఖలో అమీనుగా ప్రవేశించి, జిల్లాలలో మెట్టు వెంట మెట్టు పైకెక్కి, 1920 మొదలు 1934 వరకు హైదరాబాదు నగరమునకు కొత్వాలుగా, అనగా నేటి పోలీసు కమీషనరుగా, పనిచేసిరి. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడములు మాటలాడు జనులును, నానా మతములవారును కలసి మెలసి బ్రదుకు రాజధానిలో అంతకాలము ఆ పదవిలో నిలుచుట లాఠీ బలముచేత సాధ్యమగు కార్యము కానేరదు. పల్లెలనుండి చదువుకొఱకు నగరమునకు వచ్చు బాలురకు ఆశ్రయముగా 1918లో వెలసిన రెడ్డి హాస్టలునకు వారే మూలస్తంభము. పోలీసు అధికారి విద్యార్థి వసతిగృహమును స్థాపింపబూనుట ఆనాటివారికి వింతగా తోచియుండవచ్చును గాని, శాంతిరక్షణము నేరము జరిగిన పిదప ఆరంభమగునది కాదని, అది సమాజ నిర్మాణములో నొక భాగమని యెఱిగినవాని చర్య యది. హిమాయత్‌సాగరు చేరువను 1986లో స్థాపితమైన పోలీసు అకాడమీ నేడు వారి నామధేయమునే వహించియున్నది.

ఇక కలము సంగతి. గద్వాల సీమలోని బోరవెల్లిలో 1896లో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు, 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పి తెలంగాణమునకు వాక్కునిచ్చిన ఆ మహనీయులు, కొత్వాలుగారి జీవితచరిత్రమును రచించిరి. వనపర్తి సీమ బిడ్డ అనుభవించినదానిని గద్వాల సీమ బిడ్డ అక్షరబద్ధము చేసెను. ఇరువురును 1953లోనే కీర్తిశేషులైరి. ఒకరి యనుభవము మాత్రము మఱియొకరి పుస్తకమున నిలిచియున్నది. నేటి విశ్వవిద్యాలయములలో ఒక అధికారి యెదుర్కొనిన సమస్యను, ఆతడు తీసికొనిన నిర్ణయమును, దాని ఫలితమును విడదీసి చర్చించు పద్ధతి ఏది కలదో, దానికి మన గడ్డపై ఇట్టి చరిత్రలే పూర్వరంగమని చెప్పుట అతిశయోక్తి కాదు.

శిక్షణ వేఱు, విద్య వేఱు. కవాతు, తుపాకి ప్రయోగము, శిక్షాస్మృతి, పంచనామా వ్రాయు విధము, సాక్షి వాఙ్మూలము తీసికొను తీరు, ఇవన్నియు శిక్షణలోనివి. ఇవి లేక పోలీసు లేడు. అయితే సబ్ ఇన్‌స్పెక్టరు సర్కిల్ ఇన్‌స్పెక్టరై, డి.ఎస్.పి.యై, జిల్లాకు ఎస్.పి. యగుకొలది ఆతని చేతి పని స్వభావమే మారిపోవును. తానే దొంగను పట్టవలసిన దినములు గడచి, దొంగను పట్టువారికి మనసును, వసతిని, సెలవును, న్యాయమును చేకూర్చవలసిన దినములు వచ్చును. వందలకొలది మనుష్యులలో ఎవరిని ఎచ్చట నియమింపవలెను, ఉన్న కొద్ది వాహనములను ఏ దారులకు పంపవలెను, ఫిర్యాదుల రాశిలో ఏది ముందు చూడవలెను, బందోబస్తునాడు ఏ మాట మైకులో చెప్పవలెను, ఏ మాట చెప్పరాదు అను ప్రశ్నలకు శిక్షాస్మృతిలో సమాధానము దొరకదు. అందువలననే స్నాతకోత్తర పాఠ్యక్రమమున నేరశాస్త్రముతోపాటు సంస్థల ప్రవర్తనము, మానవవనరుల నిర్వహణము, ఆదాయవ్యయ ప్రణాళిక, వృత్తినీతి, పరిశోధన పద్ధతులు చేరినవి. తుదకు విద్యార్థి తన యనుభవములోని యొక సమస్యనే తీసికొని పరిశోధన వ్యాసము వ్రాయవలసియుండును.

ఈ చింతన పుట్టుక నేటిది కాదు. అమెరికాలోని బర్‌క్లీ నగర పోలీసు అధిపతి ఆగస్టు వోల్మర్ 1908లోనే తన యుద్యోగులకు పాఠశాల తెరచి, 1916 నాటికి విశ్వవిద్యాలయమున నేరశాస్త్ర పాఠములకు దారి తీసెను. మన దేశమున 1948 సెప్టెంబరులో ఆబూ పర్వతముపై ఆరంభమైన కేంద్ర పోలీసు శిక్షణ కళాశాలయే, సర్దారు వల్లభభాయి పటేలు పేరిట జాతీయ పోలీసు అకాడమీగా రూపొంది, 1975లో హైదరాబాదులోని శివరాంపల్లికి తరలివచ్చెను. ఐ.పి.ఎస్.కు ఎన్నికైనవారు అచ్చట శిక్షణ పొందుచునే పోలీసు నిర్వహణములో ఉస్మానియా విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర పట్టమును పొందు ఏర్పాటు వచ్చినది. ఏండ్లు గడచిన అధికారులు మరల పుస్తకములు పట్టుటకు మధ్యకాలిక శిక్షణలు వెలసినవి. గాంధీనగరములోని రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయము ఉద్యోగములోనికి రాని యువకులకు సైతము ఈ విద్యా ద్వారమును తెరచినది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఉద్యోగము మానకయే పోలీసు అధికారులు చదువుకొనదగిన స్నాతకోత్తర తరగతి చిరకాలముగా నడచుచున్నది. 1971లో సాంఘికశాస్త్ర పండితుడగు గోరే అధ్యక్షతన నియమితమైన సంఘము పోలీసు శిక్షణను పరిశీలించి, నైపుణ్యముతోపాటు దృక్పథమును గూడ మార్చనిదే శిక్షణ సఫలము కానేరదని తలంచెను. అట్టి పండితుడు పోలీసు చదువునకు దారి చూపుట ఎంతటి శుభసూచకము!

ఈ విద్య పల్లెకు ఏమి మేలు చేయునని పాఠకుడు ప్రశ్నించుట న్యాయమే. 2016 అక్టోబరు 11వ తేదీన పాత మహబూబునగరము జిల్లానుండి ఈ మూడు జిల్లాలు వేఱుపడి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఎస్.పి. వచ్చినపుడు, ఆలంపురం వాసికైనను అమ్రాబాదు వాసికైనను జిల్లా అధికారి కార్యాలయము చేరువైనది. దూరము తగ్గినంతనే విశ్వాసము పెరుగదు, దానిని పెంచుకొనవలయును. ఉదాహరణకు వనపర్తి, గద్వాల జిల్లాలగుండ సాగు 44వ జాతీయ రహదారిని చూడుడు. దానిపై జీపును ఎచ్చట నిలుపవలెనో తెలియుటకు ఒక పరిశోధన తోడ్పడును. అమెరికాలోని మినియాపొలిస్ నగరమున పరిశోధకులు పోలీసులకు వచ్చిన పిలుపులను లెక్కించినపుడు, వానిలో సగము నగరములోని నూటికి మూడు చిరునామాలనుండియే వచ్చినట్లు తేలినది. ఆపద చల్లిన విత్తనమువలె అంతటను సమానముగా నుండక, కొన్ని చోట్లనే గుంపుకట్టునని దీని భావము. కొత్తకోటనుండి ఆలంపురం చౌరస్తావరకు ఏ మలుపున, ఏ వేళ వాహనములు తలక్రిందులగుచున్నవో మూడేండ్ల కేసులను ముందిడుకొని గుర్తింపగల ఎస్.పి., ఉన్న ఒక్క పెట్రోలింగు జీపునే అచ్చట నిలిపి ప్రాణములను కాపాడగలడు.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ సమస్య వేఱొకటి. ప్రత్తి విత్తనోత్పత్తికి పేరొందిన ఆ పొలములలో రైతునకును, మధ్యవర్తియగు ఆర్గనైజరునకును, కంపెనీకిని మధ్య తగవు వచ్చినపుడు, నకిలీ విత్తనము మొలకెత్తక అప్పు మాత్రము మొలకెత్తినపుడు, రైతు వచ్చి నిలుచునది ఠాణా వాకిటనే. అది సివిలు తగవని చెప్పి పంపివేయుట సులభము. వ్యవసాయశాఖను, రెవిన్యూశాఖను, కార్మికశాఖను ఒక్క బల్లచుట్టు కూర్చుండబెట్టి, నేరమున్నచోట కేసు నమోదుచేసి, లేనిచోట దారి చూపుట కష్టము. ఆ కష్టమును నేర్పునదే నిర్వహణ విద్య.

నాగర్‌కర్నూలు జిల్లాకు నల్లమల యున్నది. మన్ననూరు దాటి అడవిలోనికి పోయినచో అప్పాపూరువంటి పెంటలు, అనగా చెంచుల పల్లెలు, కలవు. కృష్ణ యొడ్డున కొల్లాపురము చెంత సోమశిల కలదు. 1993 నవంబరులో ఆ సోమశిల చెంతనే నాటి మహబూబునగరము ఎస్.పి. పరదేశినాయుడు నక్సలైట్ల దాడికి బలియయ్యెను. అట్టి గాయమున్న అడవిలో ఖాకీ దుస్తులు చూచి జంకు పల్లెవాసియు, పల్లెను చూచి జంకు కానిస్టేబులును చిరకాలము ఎదురెదురుగా నిలిచిరి. శాసనమును జనులు భయముచేత కన్న, అధికారి తమతో న్యాయముగా, మర్యాదగా వ్యవహరించెనను నమ్మకముచేత ఎక్కువగా పాటింతురని టామ్ టైలర్ అను పండితుడు 1990లో ప్రకటించిన గ్రంథమున నిరూపింపబూనెను. చెంచువాని మాటను నిలిచి వినుట, ఆతనికి కూర్చుండ పీట వేయుట, కేసు ఏమైనదో మరల కబురుచేయుట, ఇవి దయాధర్మములని కొందఱు తలంతురు. నిజమునకివి పోలీసు వృత్తిలోని ప్రథమ సాధనములు.

మర్యాద పైనుండి క్రిందికి పాఱు నీరు. రోల్‌కాల్ వేళ పదిమంది యెదుట తిట్లు తిన్న కానిస్టేబులు, ఆ సాయంకాలము ఠాణాకు వచ్చిన వృద్ధురాలిని 'ఏమమ్మా, కూర్చో' అని పలుకరించునని ఆశించుట అత్యాశ. బిడ్డకు జ్వరమై సెలవడిగినవానికి సెలవు దొరకు పద్ధతి, పండుగ బందోబస్తులు వంతుప్రకారము పంచు పద్ధతి, తప్పు చేసినవానికి శిక్ష, చేయనివానికి రక్ష దొరకు పద్ధతి స్థిరముగా నున్న జిల్లాలోనే పౌరునకు మంచి మాట దొరకును. ఈ మూడు పట్టణముల మైదానములలో తెల్లవాఱకమునుపే పరుగులు దీయుచు కానిస్టేబులు పరీక్షకు సిద్ధమగు యువతీయువకులు రేపు ఏ అధికారి చేతిక్రింద పడుదురో, వారి స్వభావమును ఆ అధికారియే తీర్చును.

పోలీసు సంస్కరణలకై ప్రకాశ్ సింగ్ వేసిన వ్యాజ్యములో 2006 సెప్టెంబరు 22వ తేదీన సుప్రీంకోర్టు తీర్పిచ్చుచు, జిల్లా ఎస్.పి.కిని ఠాణా అధికారికిని కనీసము రెండేండ్ల పదవీకాలముండవలెనని ఆదేశించెను. రెండేండ్లు పూర్తిగా దక్కినను ఒక సీమ మనసెఱుగుట కది స్వల్పకాలమే. కావున ఈ విద్యను గడించిన అధికారులు తమ పరిశోధన వ్యాసములకు దూరదేశపు సమస్యలకంటె గద్వాల విత్తనపు తగవును, కొత్తకోట మలుపును, నల్లమల పెంటను ఎన్నుకొందురుగాక. వానిని తెలుగుననే వ్రాసి, ఒక్కొక్క ప్రతిని ఆయా ఠాణాలోని జనరల్ డైరీ ప్రక్కన ఉంచుదురుగాక. అపుడు చార్జి అప్పగింతనాడు ఆయుధముల లెక్కతోపాటు ఊరి మనసు లెక్కయు చేతులు మారును. క్రొత్తగా వచ్చిన అధికారి మొదటి రాత్రి దీపము ముందు దానిని విప్పి చదువుకొనును. మఱునాటి యుదయమున తన వాకిట నిలుచువానిని పూర్వపరిచయము గలవానివలె పలుకరించును.