సముద్రం తట్టుకోలేనిది వేగాన్నే

ఇంత పెద్ద సముద్రాన్ని మనిషి వదిలే పొగ ఏం చేయగలదు అనే ప్రశ్న మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు కలిగే ఉంటుంది. అడగదగిన ప్రశ్నే. దీనికి జవాబు పాతకాలపు రాళ్లలో ఉంది. ఆ సంగతిని ఈ వారం మీ ముందుంచుతున్నాము.

శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం సుమారు 25.2 కోట్ల సంవత్సరాల క్రితం, పెర్మియన్ యుగం చివర, ఇప్పటి సైబీరియాలో నేల బీటలు వారి లావా లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకుంది. దాని వేడికి భూమి లోపలి బొగ్గు, సున్నపురాయి పొరలు కూడా మండి, కార్బన్ డయాక్సైడ్ విపరీతంగా గాలిలో కలిసింది. సముద్రజీవుల జాతుల్లో నూటికి 80కి పైగా అంతరించాయి. జీవచరిత్రలో ఇంతకు మించిన వినాశనం మరొకటి కనబడదు. చైనాలోని మెయ్‌షాన్ రాతి పొరలు, మన కాశ్మీరులో శ్రీనగర్ సమీపాన ఉన్న గుర్యుల్ లోయ పొరలు దీనికి సాక్ష్యం.

లావా నేలమీద పారితే సముద్రంలోని జీవులు ఎందుకు చనిపోయాయి? ముఖ్యంగా మూడు కారణాలు చెబుతారు. మొదటిది వేడి. రెండవది ఊపిరాడకపోవడం, ఎందుకంటే వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. మూడవది నీటి గుణమే మారిపోవడం. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగితే కార్బోనిక్ ఆమ్లం ఏర్పడి, నీటిలోని కార్బోనేట్ తగ్గిపోతుంది. నత్తలు, ఆల్చిప్పలు, పగడాలు తమ గుల్ల కట్టుకోవడానికి కావలసిన సరుకు అదే. ఆనాటి పగడాలలోని రెండు ప్రధాన వర్గాలు మళ్లీ కనిపించకుండా పోయాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మనవారు ఎందరో పనిచేస్తున్న ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లోని రాళ్లను పరీక్షించి, శాస్త్రజ్ఞులు 2015లో తమ ఫలితాలను ప్రకటించారు. వారి ప్రకారం మొదటి దశలో కార్బన్ నెమ్మదిగా చేరింది, సముద్రం దాన్ని సర్దుకోగలిగింది. తరువాతి దశలో అది వేగంగా వచ్చి పడింది. సుమారు పదివేల సంవత్సరాల వ్యవధిలో నీరు ఆమ్లం వైపు మళ్లింది. మందమైన గుల్లలున్న జీవులు అప్పుడే ఎక్కువగా నశించాయి.

అంటే సముద్రానికి తన సొంత మందు ఉంది. అడుగునున్న సున్నం కరగడం, కొండరాళ్లు అరిగి నదుల ద్వారా చేరడం ఆ మందు. కాని అది పనిచేయడానికి వేల, లక్షల సంవత్సరాలు పడుతుంది.

ఇప్పటి సంగతి చూద్దాం. పరిశ్రమలకు ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ నేడు 420 దాటింది. మనం వదిలేదానిలో సుమారు నాలుగో వంతు సముద్రంలోకే పోతుంది. ఉపరితల నీటి పిహెచ్ 8.2 నుండి 8.1కి దిగింది. నీరు ఇంకా క్షారగుణంతోనే ఉంది. కాని ఆ కొలమానంలో 0.1 తగ్గిందంటే ఆమ్లత్వం దాదాపు 30 శాతం పెరిగినట్టే.

2007 తరువాత అమెరికా పశ్చిమ తీరంలో ఆల్చిప్పలు పెంచే కేంద్రాల్లో పిల్లలు గుల్ల కట్టుకోలేక కుప్పలుగా చనిపోయాయి. సముద్రం నుండి తోడుకున్న నీటిలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైందని తేలింది. నీటిని పరీక్షిస్తూ, తొట్లలో సోడియం కార్బోనేట్ కలిపి వారు గట్టెక్కారు.

తొట్టిలో మందు కలపగలం, సముద్రమంతటికీ కలపలేం. ఆనాటి వినాశనం రేపే వస్తుందని మేము భయపెట్టడం లేదు. అప్పుడు వెలువడిన కార్బన్ మనం ఇంతవరకు వదిలినదానికి ఎన్నో రెట్లు. అయితే ఆనాటి లావాను ఆపేవారు ఎవరూ లేరు. నేటి పొగ మన పొయ్యిలది, మన బండ్లది, మన కరెంటుది. దాని వేగాన్ని తగ్గించగలవారం మనమే.