కరువు సీమ బండల్లో ఫెర్నుల కాపురం

ఫెర్నులంటే అరకు లోయ, పడమటి కనుమలు గుర్తొస్తాయి. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితేనే పండగనుకునే పెనుకొండ ఎవరికీ తట్టదు. తళ్లికోట యుద్ధం (1565) తర్వాత విజయనగర ప్రభువులకు రాజధాని అయిన ఈ కొండ ఊళ్లోనూ, హిందూపురం, ధర్మవరం వైపు గుట్టల్లోనూ బండ నెర్రెల్లో నీడ పడే చోటే వాటి అడ్రసు.

మయూరశిఖనే చూడండి. ఎత్తు జానెడైనా ఉండదు. సన్నటి కాడ చివర ఆకు పురి విప్పిన నెమలిలా చీలికలై విచ్చుకుంటుంది. ఎండాకాలంలో ముడుచుకుపోయి, చచ్చిందే అనిపిస్తుంది. మంచి వాన తగిలితే గంటల్లో మళ్లీ పచ్చబడుతుంది. ఒంట్లోని నీరు దాదాపుగా పోయినా కణాలు చెడకుండా నిలుపుకోవడమే దాని గుట్టు.

వెండి ఫెర్నుది మరో ఎత్తు. ఆకు తిరగేసి తాకితే తెల్లటి పొడి వేలికి అంటుతుంది. నీరు తగ్గి ఆకు ముడుచుకోగానే ఆ తెల్లని అడుగు భాగం బయటికొచ్చి ఎండను తిప్పికొడుతుంది. మడిచిన ఆకు అంచు సిద్ధబీజాలకు కప్పు. ఫెర్నుల్లో మగ కణం నీటి పొరలో ఈదుకుంటూ ఆడ కణాన్ని చేరాలి. నీళ్లే కరువైన చోట అదెలా? వెండి ఫెర్ను చుట్టాల్లో చాలా జాతులు ఫలదీకరణ లేకుండానే కొత్త మొక్కను పుట్టిస్తాయి.

ఎండ ఫెర్నుల మధ్య ఇలాంటి పోలికలే శాస్త్రజ్ఞులను తికమక పెట్టాయి. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త ఓలాఫ్ స్వార్ట్జ్ 1806లో చీలాంథెస్ ప్రజాతికి పేరు పెట్టాక, మడిచిన అంచున్న ఎండ ఫెర్నులెన్నో అందులో చేరిపోయాయి. డీఎన్‌ఏ పరీక్షలతో అసలు సంగతి బయటపడింది. వేర్వేరు వంశాలకు ఎండే ఒకే రూపు తెచ్చిపెట్టింది. వెండి ఫెర్ను ఇప్పుడు అల్యూరిటాప్టెరిస్. 2016 నాటి అంతర్జాతీయ వర్గీకరణలో అదీ, మయూరశిఖా టెరిడేసీ కుటుంబంలోనివే. ఉపకుటుంబాలు మాత్రం వేరు. మయూరశిఖది టెరిస్ ఫెర్నుల ఉపకుటుంబం.

కరువును తట్టుకునేవి బండల్లోనే లేవు. చెరువుల్లోని నాలుగాకుల మార్సీలియా కూడా ఫెర్నే. చెరువెండితే దాని గట్టి కాయలు మట్టిలో ఏళ్ల తరబడి ఎదురుచూస్తాయి.

చూడాలనుకుంటే వాన పడ్డ మర్నాడు బయల్దేరండి. చేతిలో భూతద్దం ఉంటే మేలు. వేళ్లతో పీకారంటే మాత్రం ఆ నెర్రెలో మరో మొక్క నిలదొక్కుకోవడానికి ఎన్ని వానలు పట్టాలో!