హిషాం ఎల్ గెరూజ్

హిషాం ఎల్ గెరూజ్ మొరాకో దేశానికి చెందిన ప్రముఖ మధ్యదూర పరుగు క్రీడాకారుడు. ఇతడు సెప్టెంబర్ 14, 1974న మొరాకో ఈశాన్య ప్రాంతంలోని బెర్కానే పట్టణంలో జన్మించాడు. 1500 మీటర్లు, మైలు పరుగులలో ఇతడు నెలకొల్పిన ప్రపంచ రికార్డులు పాతికేళ్ళు దాటినా చెక్కుచెదరలేదు. ప్రపంచ రికార్డులన్నీ చేతిలో ఉన్నప్పటికీ ఒలింపిక్ స్వర్ణం కొరకు ఇతడు మూడు ఒలింపిక్స్ వరకు నిరీక్షించవలసి వచ్చింది.

ప్రారంభ జీవితం

1984 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లో 5000 మీటర్ల స్వర్ణం గెలిచిన మొరాకో క్రీడాకారుడు సయీద్ ఔయితా గెరూజ్‌కు స్ఫూర్తి. 1992లో సియోల్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీలలో 5000 మీటర్ల పరుగులో కాంస్య పతకం సాధించి ఇతడు తొలిసారి అంతర్జాతీయ గుర్తింపు పొందాడు. ఆ పోటీలో స్వర్ణం ఇథియోపియాకు చెందిన హైలీ గెబ్రెసెలాసీకి దక్కింది. తరువాత గెరూజ్ ప్రధానంగా 1500 మీటర్ల పరుగుపై దృష్టి సారించాడు. అబ్దెల్‌కాదర్ కాదా ఇతని శిక్షకుడు. 1995 గోథెన్‌బర్గ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అల్జీరియాకు చెందిన నూరెద్దీన్ మోర్సెలి వెనుక నిలిచి రజత పతకం పొందాడు.

ఒలింపిక్స్‌లో నిరాశ

1996 అట్లాంటా ఒలింపిక్స్ 1500 మీటర్ల ఫైనల్‌లో చివరి చుట్టు ఆరంభమయ్యే సమయంలో ముందున్న మోర్సెలి కాలు తగిలి గెరూజ్ పడిపోయాడు. తిరిగి లేచి పరుగెత్తినా చివరిదైన 12వ స్థానం మాత్రమే లభించింది. స్వర్ణం మోర్సెలికి దక్కింది. అయితే అదే సంవత్సరం సెప్టెంబర్‌లో మిలాన్‌లో జరిగిన పోటీలో గెరూజ్ మోర్సెలిని ఓడించాడు. అప్పటి నుంచి 1500 మీటర్ల పరుగులో ఇతని ఆధిపత్యం మొదలైంది.

2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికి ఇతడు రెండుసార్లు ప్రపంచ విజేత, ప్రపంచ రికార్డుధారి. స్వర్ణం ఇతనిదే అని అందరూ భావించినా, కెన్యాకు చెందిన నోవా ఎన్‌గెనీ చివరి మీటర్లలో దాటిపోవడంతో 0.25 సెకన్ల తేడాతో రజతంతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ప్రపంచ రికార్డులు

1500 మీటర్లు: జూలై 14, 1998న రోమ్‌లో 3 నిమిషాల 26.00 సెకన్లు. మోర్సెలి పేరిట ఉన్న పాత రికార్డు 3 నిమిషాల 27.37 సెకన్లు.

మైలు (సుమారు 1609 మీటర్లు): జూలై 7, 1999న రోమ్‌లోనే 3 నిమిషాల 43.13 సెకన్లు. రెండవ స్థానం పొందిన ఎన్‌గెనీ కూడా పాత ప్రపంచ రికార్డు కంటే వేగంగా పరుగెత్తడం ఈ పోటీ విశేషం.

2000 మీటర్లు: సెప్టెంబర్ 7, 1999న బెర్లిన్‌లో 4 నిమిషాల 44.79 సెకన్లు. దీనిని 2023లో నార్వేకు చెందిన యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ అధిగమించాడు.

ప్రపంచ చాంపియన్‌షిప్ విజయాలు

1997 (ఏథెన్స్), 1999 (సెవిల్), 2001 (ఎడ్మంటన్), 2003 (పారిస్) పోటీలలో వరుసగా నాలుగు పర్యాయాలు 1500 మీటర్ల స్వర్ణం సాధించాడు. పారిస్‌లో 5000 మీటర్ల పరుగులోనూ పాల్గొని, 18 ఏళ్ళ కెన్యా యువకుడు ఎలియుద్ కిప్‌చోగె చేతిలో కేవలం 0.04 సెకన్ల తేడాతో ఓడిపోయాడు.

ఏథెన్స్‌లో జంట స్వర్ణాలు

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు కొద్ది వారాల ముందు జ్యూరిచ్‌లో కెన్యా క్రీడాకారుడు బెర్నార్డ్ లగాట్ ఇతనిని ఓడించడంతో విజయావకాశాలపై అనుమానాలు కలిగాయి. ఆగస్టు 24న జరిగిన ఒలింపిక్ ఫైనల్‌లో ఆఖరి 100 మీటర్లలో ఇద్దరూ భుజం భుజం కలిపి పరుగెత్తారు. ఒక దశలో లగాట్ స్వల్పంగా ముందుకు వెళ్ళినా గెరూజ్ తిరిగి పుంజుకొని 0.12 సెకన్ల తేడాతో విజయం సాధించాడు.

నాలుగు రోజుల తరువాత 5000 మీటర్ల ఫైనల్‌లో 10,000 మీటర్ల విజేత, ఇథియోపియాకు చెందిన కెనెనిసా బెకెలె, కిప్‌చోగె ఇతనికి ప్రత్యర్థులు. విజేత సమయం 13 నిమిషాల 14.39 సెకన్లు, అంటే అదే ఏడాది బెకెలె నెలకొల్పిన ప్రపంచ రికార్డు కంటే 37 సెకన్లు ఎక్కువ. పరుగు ఇలా నెమ్మదిగా సాగితే చివరి చుట్టులో వేగం పెంచగలవారికే లాభం. 1500 మీటర్ల పరుగులో ఆరితేరిన గెరూజ్‌కు ఇది కలిసి వచ్చింది. బెకెలె రజతం, కిప్‌చోగె కాంస్యం పొందారు.

ఒకే ఒలింపిక్స్‌లో ఈ రెండు పరుగులలోనూ స్వర్ణం సాధించడం 1924లో ఫిన్లాండ్‌కు చెందిన పావో నూర్మి తరువాత 80 సంవత్సరాలకు ఇదే ప్రథమం.

గుర్తింపులు, విరమణ

2001, 2002, 2003లలో వరుసగా మూడు సార్లు అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య ఇతనిని ఉత్తమ పురుష అథ్లెట్‌గా ఎంపిక చేసింది. 2004లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ క్రీడాకారుల సంఘానికి ఎన్నికయ్యాడు. ఏథెన్స్ విజయాల అనంతరం ప్రధాన పోటీలలో పాల్గొనలేదు. 2006లో క్రీడా జీవితం నుంచి విరమించుకున్నాడు.