రెండు గంటలు వీధిని పిల్లలకిద్దాం



పెండ్లి అయితే వీధికి అడ్డంగా షామియానా వేస్తాం. చావు జరిగినా వేస్తాం. తిరుపతిలో గంగజాతర నాడు, గోవిందరాజస్వామి వాహనసేవల వేళ, మట్టల ఆదివారం ఊరేగింపు నాడు బండ్లు ఆగుతాయి, లేదా పక్క దారిన పోతాయి. ఎవరూ తప్పు పట్టరు. మరి పిల్లల ఆట కోసం వారానికి రెండు గంటలు మన వీధిని మూయలేమా?

“బాబు సాయంత్రం ఎక్కడ ఆడుకుంటాడమ్మా?” అని తల్లులను అడిగితే మేము తరచుగా వినే జవాబు ఇది: “ఎక్కడ ఆడతాడు డాక్టరమ్మా? గేటు దాటితే బండ్లు. లోపలే ఫోను చూసుకుంటా ఉంటాడు.” ఆ తల్లి భయం న్యాయమైనదే. ప్రపంచంలో 5 నుండి 29 ఏళ్ల వారి మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే ఇంట్లో కూర్చోబెట్టడం కూడా క్షేమం కాదు. 5 నుండి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట అవసరమని ఆ సంస్థే సలహా ఇస్తోంది. ఆట లేకపోతే బరువు పెరుగుతుంది, ఎముకలకు బలం చాలదు. ఆరుబయట వెలుతురులో గడిపే పిల్లలకు దూరపు చూపు మందగించే ముప్పు తగ్గుతుందని కూడా పరిశోధనల్లో తేలింది.

ఇది కొత్త ఆలోచన కాదు. 2013 నవంబరులో గుర్‌గావ్‌లో ‘రాహ్‌గిరి’ పేరుతో ఆదివారం ఉదయాలు కొన్ని రోడ్లను నడకకు, ఆటలకు వదిలారు. 2021 ఆగస్టు 29 నుండి హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపారు. కానీ అవి పెద్ద రోడ్లు. ఇంటి ముందరి వీధికి దారి చూపింది ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరం. 2009లో అక్కడ ఇద్దరు తల్లులు తమ వీధినే కొద్ది గంటలు మూయించి పిల్లలను ఆడించారు. తరువాత ఎన్నో ఊళ్లు ఆ పద్ధతిని అనుసరించాయి.

మన వీధిలో చేయాలంటే:

1. ముందుగా ఇంటింటినీ అడగండి. ముసలివారు, జబ్బుపడినవారు, రాత్రి డ్యూటీ చేసేవారు, అంగడివారు ఏమంటారో వినండి.

2. బస్సులు తిరగని చిన్న వీధిని ఎంచుకుని ట్రాఫిక్ పోలీసులకు, నగరపాలక సంస్థకు అర్జీ పెట్టండి. ప్రజల భద్రత కోసం వాహనాలను ఆపే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షనులో ఉంది. అనుమతి రానిదే మూయవద్దు.

3. రెండు చివర్లా ఇద్దరేసి పెద్దలు నిలబడాలి. అడ్డంగా తాడు కట్టకండి, బైకుమీద వచ్చేవారి మెడకు తగులుతుంది. బెంచీలు పెట్టండి. వీధివారి బైకులను నెట్టుకుంటూ పోనివ్వండి. అంబులెన్సు వస్తే క్షణంలో దారి ఇవ్వండి.

4. మూతలేని కాలువలు, వేలాడే కరెంటు తీగలు ముందే చూసుకోండి. వేసవిలో ఎండ తగ్గాకనే ఆడించండి, మంచినీళ్లు అందుబాటులో ఉంచండి.

యెరూషలేముకు మంచి రోజులు వస్తాయని చెప్పిన జెకర్యా ప్రవక్త, అందుకు గుర్తుగా వీధుల్లో ఆడుకునే బాలబాలికలనే చూపించాడు. బాలికలనూ చెప్పాడని మరువకండి. పదేళ్లు దాటగానే ఆడపిల్లను లోపలికి పిలవడం మన ఇండ్లలో అలవాటు. ఆ రెండు గంటలైనా ఆమెను పిలవకండి. తొక్కుడుబిళ్ళకు ఒక సుద్దముక్క, ఏడుపెంకులాటకు ఒక పాత బంతి చాలు.