హక్కు: పొందేదీ, చెల్లించేదీ

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి.

ధార్మిక సోదరులారా! పొలం గట్టు వద్దా, కచేరీలోనూ నిత్యం వినిపించే ‘హక్కు’ అనే పదం అరబీలోని ‘హఖ్’ నుండి ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. ‘హక్కుదారు’లోని ‘దార్’ ఫార్సీ ప్రత్యయం. దీనికి బంధువైన హీబ్రూ పదం ‘హోఖ్’కు శాసనమని అర్థం, దాని ధాతువుకు చెక్కడమని భావం.

అరబీలో ‘హఖ్’ అంటే సత్యం, న్యాయం; ఇతరులకు చెల్లించవలసిన బాకీ కూడా. ‘అల్ హఖ్’ అల్లాహ్ శుభనామాలలో ఒకటి. భక్తిపరుల సంపదలో అర్థించేవారికీ, లేమికి గురైనవారికీ ‘హఖ్’ ఉన్నదని దివ్య ఖుర్ఆన్ (51:19) తెలుపుతున్నది. దానం అనలేదు, హఖ్ అన్నది, గమనించండి.

మనం మాత్రం ఈ పదాన్ని ‘నాకు రావలసినది’ అనే అర్థంలోనే ఎక్కువగా వాడుతున్నాం. ‘నేను ఇవ్వవలసినది’ అనే సగం మరుగున పడింది. తండ్రి ఆస్తిలో ఆడబిడ్డల వాటాను అన్నిసా సూరా (4:11) నిర్ణయించింది. పెళ్ళి ఖర్చుతోనో, కట్నంతోనో అది చెల్లిపోదు. అక్కచెల్లెళ్ళ వాటా ఆపుకొని తన హక్కు కోసం కచేరీ మెట్లెక్కేవాడు ఆ పదాన్ని సగమే పలికినట్లు.

ఎవరి హక్కు మన వద్ద ఆగి ఉన్నదో నేడే లెక్క చూసుకుందాం. అల్లాహ్ మనకు సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.