నూలుమిల్లుల నగరములో సింఫనీ: హాలే వాద్యబృందము కథ

రేడియో ముల్లు త్రిప్పుచుండగా ఎక్కడనో దూరదేశపు కేంద్రమునుండి నూరు వాద్యములు ఒక్కసారిగా ఉప్పెనవలె మ్రోగి, మరుక్షణమున ఒక్క పిల్లనగ్రోవి మాత్రమే మిగిలి సన్నగా పలుకుట శ్రోతలలో చాలమంది వినియుందురు. 'ఇదేమి గోల' అని ముల్లు ముందుకు జరిపినవారు కొందరు. ఒక నిమిషము ఆగి విన్నవారు కొందరు. ఆగి విన్నవారి కొరకు ఈ నాలుగు మాటలు.

దీనిని పాశ్చాత్యులు సింఫనీ ఆర్కెస్ట్రా అందురు. మన శాస్త్రకారులు వాద్యములను తతము, సుషిరము, అవనద్ధము, ఘనము అని నాలుగు జాతులుగా విభజించిరి గదా! ఆ నాలుగు జాతులును ఇందు కలవు. సంఖ్యలో హెచ్చు వయొలిన్ జాతికి చెందిన తంత్రీవాద్యములే. వాని వెనుక కొయ్యతో చేసిన సుషిరవాద్యములు, ఆ వెనుక ఇత్తడి బూరలు, చిట్టచివర భేరులు, తాళములు. మొత్తము డెబ్బదిమంది మొదలు నూరుమంది వరకు ఉందురు. మన కచేరీలో విద్వాంసుడు మనోధర్మము ననుసరించి స్వరములు అల్లుచు పోవును. ప్రక్కవాద్యములవారు ఆయన వెంట నడతురు. అక్కడ అట్లు కాదు. ప్రతివాని యెదుటను వ్రాసిన స్వరపత్రము ఉండును. ఎవరు ఎప్పుడు ప్రారంభించవలెనో, ఎంత మెల్లగా, ఎంత బిగ్గరగా పలికించవలెనో చేతి కదలికతో తెలుపువాడు ఒక్కడు. ఆయన చేతిలో వాద్యము లేదు, చిన్న పుల్ల మాత్రమే. ఆయనను కండక్టరు అందురు. ఆ మాట మనకు బస్సునే జ్ఞప్తికి తెచ్చును గావున ఇక్కడ నాయకుడు అని వ్యవహరింతును.

డెబ్బదిమంది ఒక్క గొంతుకగా పలుకుట పది దినముల సాధనతో సాధ్యము కాదు. ఆ డెబ్బదిమందియే ఏండ్ల తరబడి కలిసి కూర్చుండవలెను. మరి కచేరీ లేని దినములలో వారికి అన్నము పెట్టువారు ఎవరు? జర్మనీ దేశమున సంస్థానాధీశులు పెట్టిరి. మన ఆకాశవాణి కేంద్రములలో నిలయ విద్వాంసులను నెలజీతముపై ఉంచు పద్ధతి అందరకును తెలిసినదే. రాజును ఆస్థానమును లేని ఊరిలో ఏమి జరిగినదో తెలుసుకొనవలెనన్న ఇంగ్లండు ఉత్తరభాగమున ఉన్న మాంచెస్టరు నగరపు కథ వినవలెను.

మాంచెస్టరు పేరు మన తాతలకు బాగుగా తెలుసు. ఆ ప్రాంతపు మిల్లులలో నేసిన సీమగుడ్డయే మన అంగళ్లలో కుప్పలుగా పడి మన నేతగాండ్ర మగ్గములను మూలకు నెట్టినది. ఆ వ్యాపారము కొరకు జర్మను వర్తకులు అనేకులు ఆ నగరమున స్థిరపడిరి. ధనముతోపాటు సంగీతముపై అభిరుచి కూడ వారికి ఉండెను. 1848లో పారిస్ నగరమున విప్లవము చెలరేగగా, అక్కడ పియానో విద్వాంసుడుగా పేరుగాంచిన కార్ల్ హాలే లండను చేరెను. ఆయనను మాంచెస్టరునకు పిలిపించినవాడు హెర్మన్ లియో అను అద్దకపుగుడ్డల వర్తకుడు. హాలే 1819లో వెస్ట్‌ఫేలియాలోని హాగెన్ పట్టణమున జన్మించినవాడు. పారిస్‌లో షోపాన్, లిస్ట్, బెర్లియోజ్ మున్నగు మహావిద్వాంసుల స్నేహమును సంపాదించినవాడు. అంతటివానికి మాంచెస్టరులో అప్పటికి ఉన్న వాద్యగోష్ఠి నచ్చకపోవుటలో ఆశ్చర్యము లేదు. ఆయన వెనుదిరిగిపోలేదు, దానిని బాగుచేయ పూనుకొనెను.

1857లో మాంచెస్టరునందు గొప్ప కళాప్రదర్శనము జరిగినది. మే నెల మొదలు అక్టోబరు వరకు పదమూడు లక్షలకు పైగా జనము దానిని చూచిరి. చూడవచ్చినవారికి వినిపించుటకై హాలే పెద్ద వాద్యబృందమును సమకూర్చెను. ప్రదర్శనము ముగిసినంతనే ఆ బృందము చెదరిపోవలసియుండెను. అది ఆయనకు సహింపలేదు. నష్టమైనను లాభమైనను తనదేయని పూచీపడి 1858 జనవరి 30వ తేదీన ఫ్రీ ట్రేడ్ హాలులో తన మొదటి కచేరీ జరిపెను. ఈ భవనము కొలువైన చోటనే 1819లో, అనగా హాలే పుట్టిన యేడే, ఓటుహక్కు కోరి గుమిగూడిన ప్రజలపై గుఱ్ఱపుదళమును తోలి చంపిరి. అటువంటి చోట ఉన్న మందిరములో చవుక టిక్కెట్టు కొన్న కూలివాడును, ముందువరుసలోని మిల్లు యజమానియు ఒకే బీథోవెన్ సింఫనీని వినిరి.

మొదటి యేడు ముప్పది కచేరీలు జరిగినవి. ఖర్చులన్నియు పోగా మిగిలిన లాభము రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు. షిల్లింగునకు పన్నెండు పెన్నీలు గావున లెక్కకు సరిగా కచేరీకి ఒక్క పెన్నీ! మరియొకడైన దుకాణము మూసివేసియుండును. హాలే మాత్రము ఆ తరువాత ముప్పదియేడు సంవత్సరములు, 1895లో మరణించువరకు, ఆ కచేరీలను నడిపెను. బెర్లియోజ్ రచించిన ఫంటాస్టిక్ సింఫనీని బ్రిటనులో మొదట 1879లో వినిపించిన కీర్తి ఈ బృందమునదే. 1888లో హాలేకు సర్ బిరుదము లభించినది. 1893లో ఆ నగరమున ఒక సంగీత కళాశాలను కూడ నెలకొల్పి దానికి ఆయనయే మొదటి అధ్యక్షుడయ్యెను.

స్థాపకుడు పోయిన వెంటనే సంస్థ కూలుట మనము ఎరుగని విషయము కాదు. ఇక్కడ కూలలేదు. ముగ్గురు పౌరులు నష్టము భరింతుమని హామీపడి కచేరీలు ఆగకుండ కాపాడిరి. 1899లో హాలే కచేరీ సంఘము ఏర్పడినది. వాగ్నరునకు కుడిభుజము వంటి హాన్స్ రిక్టరు నాయకుడుగా వచ్చెను. ఎల్గారు మొదటి సింఫనీని 1908 డిసెంబరు 3వ తేదీన ప్రప్రథమముగా వాయించినది ఈ బృందమే. తరువాత నాయకులలో 1920 నుండి 1933 వరకు పనిచేసిన హామిల్టన్ హార్టీ ముఖ్యుడు. గ్రామఫోను రికార్డుల ద్వారా బృందము పేరు దూరదేశములకు వ్యాపించినది ఆయన కాలముననే.

అయినను మొదటి ప్రశ్న తీరలేదు. హాలే కచేరీలు చలికాలపు ముచ్చట. వేసవి వచ్చెనా, వాద్యకారులు సముద్రతీరపు విహారస్థలములకు పోయి అక్కడి బ్యాండులలో పొట్టపోసుకొనవలసినదే. ఇంతలో రేడియో వచ్చినది. బీబీసీ సంస్థ ఉత్తర ఇంగ్లండు కొరకు మాంచెస్టరులో తన సొంత వాద్యబృందమును 1934లో ఏర్పరచినది. ఒకే నగరమున రెండు పెద్ద బృందములకు చాలినంత మంది మంచి వాద్యకారులు ఎక్కడనుండి వత్తురు? అందుచేత పంపకము కుదిరినది: పగలు రేడియోలో వాయించువారే పలువురు, హాలే కచేరీ ఉన్న రాత్రి హాలేలో వాయించువారు. రేడియో జీతము స్థిరము. హాలే కూలి కచేరీ లెక్క. రేడియో హాలేకు ప్రాణము పోసినదనియు చెప్పవచ్చును, స్వాతంత్ర్యమును హరించినదనియు చెప్పవచ్చును. రెండును నిజములే.

రెండవ ప్రపంచయుద్ధము ఈ ముడిని తెంచినది. 1940 డిసెంబరున జర్మను బాంబులకు ఫ్రీ ట్రేడ్ హాలు గోడలు మాత్రము మిగిలినవి. విచిత్రమేమన, చీకటి కమ్మిన ఆ దినములలోనే ప్రజలు సంగీతము కొరకు ఎగబడిరి. ఏడాది పొడుగున కచేరీలు జరుపవచ్చునని, అందరకును సంవత్సరపు జీతము ఈయవచ్చునని హాలే సంఘము వారికి ధైర్యము వచ్చినది. రేడియోతో పంపకము మాని సొంతకాళ్లపై నిలువ నిశ్చయించిరి. న్యూయార్కు ఫిల్‌హార్మోనిక్ నాయకుడుగా ఉన్న జాన్ బార్బిరోలీని పిలిచిరి. ఆయన ఇటలీ సంతతివాడే యైనను లండనులో పుట్టినవాడు. యుద్ధకాలమున స్వదేశమునకు మరలవలెనని కోరుకొనుచుండెను.

1943 జూన్ ఆరంభమున బార్బిరోలీ మాంచెస్టరులో దిగెను. డెబ్బదిమంది సిద్ధముగా ఉందురని ఆయన ఎదురుచూచెను. ఉన్నవారు నలుబదికి లోపు! రెండు బృందములలోను పనిచేయుచుండిన సుమారు ముప్పదియైదుగురిలో నలుగురే హాలేను ఎన్నుకొనిరి. మిగిలినవారు రేడియో జీతమును వదలలేదు. సంసారులైనవారిని అందుకు తప్పుపట్టుట న్యాయము కాదు. మొదటి కచేరీ జూలై 5వ తేదీన బ్రాడ్‌ఫర్డ్ పట్టణమునందని ముందే ప్రకటించియుండిరి. ఐదు వారములు కూడ వ్యవధి లేదు. దేశములోని యువకులందరును సైన్యములో ఉండిరి.

బార్బిరోలీ ప్రొద్దుటినుండి రాత్రివరకు కూర్చుండి వచ్చినవారినెల్ల వాయింపజేసి వినెను. ఎవరు ఎక్కడ నేర్చిరని అడుగలేదు. చెవికి నచ్చిన చాలును. ముఖ్య వేణువాద్యమునకు కుదిరినవాడు ఇంకను బడిలో చదువుకొనుచున్న బాలుడు. హారన్ అను ఇత్తడివాద్యమునకు ఒక పంతులమ్మ దొరికెను. చుట్టుపట్ల ఊళ్ల బ్యాండుమేళములనుండి మరికొందరు వచ్చిరి. స్త్రీలు పెద్దసంఖ్యలో చేరిరి. ఆ కాలపు పేరుగల బృందములలో అది అరుదైన విషయము. వీరినందరను వరుసవరుసగా విడదీసి, ఒక్కొక్క జాతి వాద్యమునకు వేరువేరుగా సాధన చేయించి, ఆపైన కలిపెను. చెప్పిన తేదీన బ్రాడ్‌ఫర్డ్‌లో కచేరీ జరిగినది. విన్నవారు దానిని పాత హాలే కంటె తక్కువ అనలేదు.

సొంత మందిరము లేకపోగా ప్రార్థనామందిరములోను, బెల్ వ్యూ అనుచోట సర్కసు జరుగు వలయములోను వాయించిరి. 1951 నవంబరులో ఫ్రీ ట్రేడ్ హాలు తిరిగి తెరచుకొనెను. లండనులోని బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా నాయకత్వము బార్బిరోలీని వెదకుకొని వచ్చినను ఆయన కదలలేదు. 1956లో వాన్ విలియమ్స్ తన ఎనిమిదవ సింఫనీని ఆయనకే అంకితము చేసెను.

ఈ బృందములో మనవాడు ఒకడు కూడ ఉండెనని చెప్పినచో శ్రోతలు సంతోషింతురు. బొంబాయి పార్సీ యగు మెహ్లీ మెహతా 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించిన వయొలిన్ విద్వాంసుడు. ఆయన 1955లో ఇంగ్లండు పోయి, బార్బిరోలీ క్రింద హాలే వయొలిన్ వరుసకు ఉపనాయకుడుగా కొన్నియేండ్లు పనిచేసెను. ఆయన కుమారుడే జగద్విఖ్యాతుడైన జుబిన్ మెహతా.

1970లో బార్బిరోలీ మరణించెను. తరువాతి నాయకుల కాలమును వేగముగా దాటవచ్చును. 1996లో బ్రిడ్జివాటర్ హాలు అను క్రొత్త మందిరము వచ్చినది. దానితోపాటు అప్పులును పెరిగి 1990ల చివర సంస్థ మూతపడు స్థితికి వచ్చినది. నగరవాసులు చందాలు పోగుచేసి నిలువబెట్టిరి. 2000 నుండి 2024 వరకు మార్క్ ఎల్డర్ నాయకత్వమున బృందము మరల పూర్వవైభవమును పొందినది. 2024లో సింగపూరుకు చెందిన కాచున్ వాంగ్ ఆ పదవికి వచ్చెను.

ఫ్రీ ట్రేడ్ హాలు ముందుగోడ ఇప్పటికిని నిలిచియున్నది. లోపల హోటలు నడచుచున్నది. నాడు హాలేతో విడిపోయిన రేడియో బృందము బీబీసీ ఫిల్‌హార్మోనిక్ అను పేరుతో వర్ధిల్లుచున్నది. ఆ రెండు బృందములును నేడు బ్రిడ్జివాటర్ హాలులోనే, వేరువేరు రాత్రులయందు, కచేరీలు చేయుచున్నవి.